నెలకో మంచి రోజు, ఫోన్‌లో రోజూ పండగ

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లినవాళ్లకు ఈ సంగతి తెలుసు. కోరిక కోరుకోవడానికి వచ్చినవాళ్లు 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి 108 చేస్తారు. అమెరికా వెళ్లాలని మొక్కుకునే పిల్లలు ఎక్కువ కాబట్టి ఆయనకు వీసా బాలాజీ అన్న పేరే స్థిరపడింది. అంకెలు వేసిన కార్డు చేత్తో పట్టుకుని, ఒక్కో చుట్టుకూ ఒక్కో అంకె కొట్టేసుకుంటూ తిరిగేవాళ్లను చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. నాకూ వచ్చింది. మా పిన్ని కొడుకు చేత నేనే దగ్గరుండి 11 చేయించాను.

ఆ రోజు నాకు తట్టని విషయం ఒకటుంది. 108 తిరిగేవాళ్లంతా కోరిక తీరినవాళ్లే. తీరనివాళ్లు ఆ వరసలో ఉండరు. వాళ్లు ఎంతమందో ఆ ప్రాంగణంలో నిలబడి లెక్కపెట్టలేం. నేను భక్తిని తప్పుపట్టడం లేదు, భక్తి నాకూ ఉంది. కళ్లముందు కనిపించేవాళ్లను బట్టి కనిపించనివాళ్ల సంగతి కూడా తేల్చేసే మన అలవాటు గురించే చెబుతున్నాను. కనీసం గుడిలో 11 చేసేవాళ్లు కూడా పక్కనే నడుస్తుంటారు. ఫోన్‌లో మాత్రం దాదాపు అందరూ 108 వాళ్లే.

ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లల స్టేటస్‌లు, రీల్స్ ఒకసారి గుర్తు చేసుకోండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఇరవై మంది బంధువులతో ఫొటో. మొదటిసారి మంచు పడిన రోజు. గ్రాడ్యుయేషన్ గౌను. ఆఫర్ లెటర్. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ మంచు నిజంగానే పడింది, ఆ కారు నిజంగానే కొన్నారు. సోషల్ మీడియా అంతా నకిలీ అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఒక్కొక్క ఫొటో నిజమే అయినా, అవన్నీ వరసగా చూసిన మనిషి మనసులో తప్పుడు బొమ్మ ఎలా తయారవుతుంది? విప్పాల్సిన ముడి ఇది.

చిన్న లెక్క వేద్దాం. మీకు తెలిసినవాళ్లు 30 మంది అమెరికాలో చదువుతున్నారనుకోండి. ఒక్కొక్కరికీ నెలలో ఒక్కటే చెప్పుకోదగ్గ రోజు. మిగతా 29 రోజులూ క్లాసు, వంట, అసైన్‌మెంట్లు, చలిలో బస్సు కోసం ఎదురుచూపు. ఆ ఒక్క రోజు ఫొటోనే పెడతారు. ఎవరైనా అంతే కదా, కందిపప్పు ఉడకబెట్టిన రోజు ఫొటో ఎవరు పెడతారు? అయితే ఆ 30 మంది మంచి రోజులూ వేర్వేరు తేదీల్లో పడితే, ఖమ్మంలో కూర్చుని చూసేవాళ్లకు నెలంతా రోజుకో పండగ కనిపిస్తుంది. ఆ ఫొటోల వెనకున్న 870 మామూలు రోజులు కనిపించవు. మెల్లగా మనసులో ఒక మనిషి తయారవుతాడు. వాడు సోమవారం నయాగరా చూస్తాడు, మంగళవారం ఆఫర్ లెటర్ అందుకుంటాడు, బుధవారం కారు కొంటాడు. అలాంటివాడు ఎక్కడా లేడు. 30 మంది నుంచి తలా ఒక ముక్క తెచ్చి అతికితే వచ్చిన రూపం అది. మనం మన 30 రోజుల్ని పక్కన పెట్టి పోల్చుకునేది వాడితోనే.

ఇందులో అందరి వాటా సమానమనుకోవడం కూడా పొరపాటే. వందమందిలో పదిమంది రోజూ పోస్టు పెట్టేవాళ్లు, తొంభై మంది నెలకోసారి పెట్టేవాళ్లు అనుకుందాం. నెలకు ఆ పదిమందివి 300, మిగతా అందరివీ కలిపి 90. అంటే మీరు చూసే ప్రతి నాలుగు పోస్టుల్లో మూడుకు పైగా ఆ పదిమందివే. రోజూ పెట్టగలిగేది ఎవరు? తీరిక ఉన్నవాళ్లు, తిరగడానికి డబ్బున్నవాళ్లు, చెప్పుకోవడానికి ఏదో ఒకటి జరుగుతున్నవాళ్లు. ఉద్యోగం దొరకనివాళ్లు ఆ నెలల్లో పోస్టులే పెట్టరు. వాళ్ల మౌనం ఏ ఫీడ్‌లోనూ కనిపించదు.

దీనికి దగ్గరగా ఉండే ఒక లెక్కను 1991లో స్కాట్ ఫెల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త వివరించారు. చాలామందికి తమకంటే తమ స్నేహితులకే ఎక్కువమంది స్నేహితులు ఉన్నట్టు అనిపిస్తుంది. అది భ్రమ కాదు, లెక్క ప్రకారం నిజం. ఐదుగురు ఉన్నారనుకోండి. ఒకడికి మిగతా నలుగురూ స్నేహితులు. ఆ నలుగురికీ వాడొక్కడే స్నేహితుడు. ఇప్పుడు ఆ నలుగురిలో ఎవరిని అడిగినా, నా స్నేహితుడికి నలుగురున్నారు, నాకు ఒక్కడే అంటాడు. ఐదుగురిలో నలుగురు వెనకబడ్డామనుకుంటారు, ఎవరి తప్పూ లేకుండానే. ఎక్కువమందికి తెలిసినవాడు ఎక్కువమంది పోలికలోకి వస్తాడు, అంతే. వేలమంది ఫాలోవర్లున్న సీనియర్ వేలమంది జూనియర్ల ఊహల్లో కూర్చుంటాడు. ఎనభై మంది ఫాలోవర్లతో, గదిలో రెజ్యూమె దిద్దుకుంటున్నవాడు ఎవరి ఊహలోనూ ఉండడు.

దీనికి తోడు యాప్ వెనకున్న యంత్రం, అంటే ఆల్గరిథమ్, చేసే పని ఒకటుంది. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో పోస్టులను వచ్చిన వరసలో చూపించడం మానేసి, మనకు ఏవి నచ్చుతాయనిపిస్తే వాటిని పైకి తేవడం మొదలుపెట్టింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించాక, జులైలో రీల్స్ వచ్చాయి. వాటితో మన స్నేహితులు కూడా కానివాళ్ల మంచి రోజులు మన ఫోన్‌లోకి వచ్చిపడ్డాయి. ముందు మనిషి తన నెలలోంచి ఒక రోజును ఏరతాడు, తర్వాత యంత్రం ఆ ఏరిన రోజుల్లోంచి బాగా మెరిసేవాటిని మళ్లీ ఏరుతుంది. రెండుసార్లు జల్లెడ పట్టినదాన్ని మనం ముడిసరుకు అనుకుంటాం.

సరే, లోకంలో గొప్పవాళ్లు ఎప్పుడూ ఉన్నారు కదా, వాళ్లను చూస్తే రాని బాధ ఇప్పుడెందుకు అని అడగొచ్చు. కోటీశ్వరుల ఇంట్లో పెళ్లి చూసి మనకు నిద్ర పట్టకపోవడం జరగదు. మన వెనక బెంచీలో కూర్చున్నవాడు, మనతోపాటు బ్యాక్‌లాగులు రాసినవాడు ఇల్లు కొన్నాడంటే మాత్రం ఆ రాత్రి కళ్లు మూతపడవు. లియాన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీన్ని సిద్ధాంతంగా చెప్పారు. మనం ఎక్కడున్నామో తెలుసుకోవడానికి వేరే కొలబద్ద లేనప్పుడు, మనలాంటివాళ్లతోనే పోల్చి చూసుకుంటాం. ఒకే కాలేజీ, ఒకే ఊరు, ఒకే కన్సల్టెన్సీ. సోషల్ మీడియా మన చేతికి ఇచ్చింది సరిగ్గా వీళ్లనే.

ఇంకో విషయం, ఇది ఫోన్లకంటే పాతది. బాధను నాలుగు గోడల మధ్య దాచుకుంటాం, సంతోషాన్ని నలుగురిలో పంచుకుంటాం. అలెగ్జాండర్ జోర్డాన్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపించింది. తోటి విద్యార్థులు పడే బాధలను జనం ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేశారు. బాగా తెలిసిన స్నేహితుల విషయంలోనూ అంతే. పక్కవాళ్లకు బాధలు తక్కువని నమ్మినవాళ్లలో ఒంటరితనం ఎక్కువగా, జీవితం పట్ల తృప్తి తక్కువగా కనిపించాయి. ఆ తర్వాతి ఏడాది అమెరికాలోని యూటా రాష్ట్రంలో 425 మంది కాలేజీ విద్యార్థులను అడిగి చేసిన అధ్యయనంలో, ఎన్నేళ్లుగా ఫేస్‌బుక్ వాడుతుంటే అంతగా ఇతరులే తమకంటే సుఖంగా ఉన్నారన్న భావన బలంగా కనిపించింది. స్వయంగా పరిచయం లేనివాళ్లు తమ జాబితాలో ఎక్కువగా ఉన్నవారికి, అవతలివాళ్ల బతుకులే బాగున్నాయని ఎక్కువగా అనిపించింది. స్నేహితులతో బయట ఎక్కువ సమయం గడిపేవాళ్లలో ఆ భావన తక్కువ. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. తెలిసినవాడైతే ఆ ఫొటోకు ముందూ వెనకా ఏం జరిగిందో మనకు తెలుస్తుంది. తెలియనివాడైతే మనకు ఆ ఫొటోయే వాడి జీవితం.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెప్పాలి, చిలుకూరులో 11 చేయించానన్న పిన్ని కొడుకే. వాడు 2022 ఆగస్టులో డాలస్ వెళ్లాడు. పిన్నివాళ్ల ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకున్నారు. రెండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో, వాడి స్టేటస్‌లో ఒక ఫొటో వచ్చింది. నీలం చొక్కా, వెనక డౌన్‌టౌన్ దీపాలు, ముఖం నిండా నవ్వు. పిన్ని ఆ ఫొటోను అపార్ట్‌మెంట్‌లో అందరికీ చూపించింది. నేనూ హార్టు బొమ్మ పెట్టాను. అప్పటికి వాడికి చదువైపోయి ఉద్యోగం లేదు. టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఆరుగురిలో ఒకడిగా, హాల్లో నేల మీద పరుపు వేసుకుని ఉంటున్నాడు. ఈ సంగతి నాకు తెలిసేసరికి మరో నాలుగు నెలలైంది.

"మరి ఆ ఫొటో ఏంట్రా?" అని అడిగాను.

"రెండు రోజులు ఫోన్ చేయలేదని అమ్మ కంగారు పడిందక్కా. మాట్లాడితే గొంతులో తెలిసిపోతుంది. అందుకే బాగున్నానని ఫొటో పెట్టా."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డాబు కోసం పెట్టలేదు వాడు. వెనకటి రోజుల్లో ఊరు దాటి వెళ్లినవాళ్లు రాసే ఉత్తరం గుర్తుందా? నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి అని మొదలయ్యేది. జ్వరంతో పడుకుని రాసినా ఆ వాక్యం అలాగే ఉండేది. అది మర్యాద అని రాసినవాళ్లకూ తెలుసు, చదివినవాళ్లకూ తెలుసు. ఆ వాక్యం చూసి మనవాడి జీతం ఎంతో ఎవరూ అంచనా కట్టలేదు. పైగా ఆ ఉత్తరం ఒక్క ఇంటికే చేరేది. మా తమ్ముడు పెట్టింది క్షేమమనే ఉత్తరమే. దాన్ని మాత్రం ఊరంతా చదివింది, వాడు సెటిలయ్యాడని చదివింది. అమ్మకు ఊరటగా పంపినదాన్ని కింది ఫ్లోర్‌లో ఉండే కుర్రాడు సమాచారంగా తీసుకున్నాడు. ఎంఎస్‌కి వెళ్తే రెండేళ్లలో ఇలా ఉంటుందన్నమాట అని వాళ్ల నాన్నతో అన్నాడట. ఆ వారమే లోను గురించి కనుక్కోవడం మొదలుపెట్టారు.

చాలామంది ఇక్కడ అసూయ అనే మాట దగ్గర ఆగిపోతారు. పరాయివాళ్ల సంతోషం చూసి మనం కుమిలిపోతామని. అంత సూటిగా లేదు విషయం. ఫేస్‌బుక్ 2012 జనవరిలో ఒక వారం పాటు 6,89,003 మంది ఫీడ్‌లను వాళ్లకు తెలియకుండానే కొద్దిగా మార్చి చూసింది. ఆ ఫలితాలు 2014లో ప్రచురితమైనప్పుడు పెద్ద దుమారం రేగింది, రేగడం న్యాయం కూడా. అయితే ఫలితం మాత్రం గమనించదగ్గది. సంతోషకరమైన పోస్టులు తగ్గించి చూపిస్తే, చూసినవాళ్లు రాసే మాటల్లోనూ సంతోషం కాస్త తగ్గింది. అంటే పక్కవాళ్ల ఆనందం మనకు కొంచెం అంటుతుంది కూడా. ఆ తేడా చాలా చిన్నది. కానీ ఇతరుల ఆనందమే విషం అనేంత సులువుగా దీన్ని తేల్చలేమని అది చెబుతోంది. స్నేహితుడి కొత్త కారు చూసి నిజంగా సంతోషపడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లకూ నష్టం జరుగుతుంది. ఎందుకంటే అసలు దెబ్బ తగిలేది మనసులోని క్యాలెండర్‌కి. ఏది ఎన్నాళ్లకు జరగాలి, ఎంత కష్టపడితే చాలు, ఎంతమందికి దక్కుతుంది అన్న అంచనాలు చడీచప్పుడు లేకుండా మారిపోతాయి.

అమెరికా చదువులో ఆ క్యాలెండర్ నిజంగా ఎలా ఉంటుందో చూడండి. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట పని చేయకూడదు. క్యాంపస్‌లో పని దొరికినా తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకూడదు. మా వాడు డైనింగ్ హాల్లో గిన్నెలు తోమాడు. చదువు పూర్తయ్యాక ఓపీటీ, అంటే చదివినదానికి సంబంధించిన పని చేసుకునే అనుమతి, 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులవాళ్లకు మరో 24 నెలల పొడిగింపు. రీల్స్‌లో నేనెప్పుడూ చూడని అంకె ఒకటి ఇక్కడుంది. ఆ మొదటి ఓపీటీ కాలంలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. నీలం చొక్కా ఫొటో పెట్టిన రోజుకి మా తమ్ముడి లెక్కలో 61 రోజులు గడిచిపోయాయి. ఇంటర్వ్యూకు వెళ్లొచ్చిన ప్రతి రాత్రీ మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేవాడినని ఇప్పుడు చెబుతాడు. ఆ తర్వాత హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా. ఏడాదికి సాధారణ కోటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. 2024లో జరిగిన లాటరీకి అర్హమైన రిజిస్ట్రేషన్లు సుమారు 4.7 లక్షలు, ఎంపికైనవి సుమారు 1.35 లక్షలు. పేరు వచ్చిన రోజు స్వీట్లు పంచే ఫొటో వస్తుంది. రానివాళ్లే ఎక్కువ, వాళ్ల ఫొటో ఏముంటుంది?

ఈ లెక్కలేవీ రహస్యం కాదు, ఎవరైనా వెతికితే దొరుకుతాయి. అయినా అంకె చదివినప్పటికంటే ముఖం చూసినప్పుడే నమ్మకం కుదురుతుంది. మనకు తెలిసినవాడు నవ్వుతున్న ఒక్క ఫొటో ముందు నాలుగు లక్షల రిజిస్ట్రేషన్ల సంఖ్య నిలబడలేదు. ఇళ్లలో పెద్దవాళ్ల విషయంలో ఇది ఇంకా గట్టిది. మా పిన్ని ఇంగ్లీషులో నిబంధనలు చదవదు, వాట్సాప్ స్టేటస్‌లు చూస్తుంది. ఫలానావాళ్ల అమ్మాయికి ఆరు నెలల్లో వచ్చిందట, మీవాడికి ఇంకా రాలేదా అని ఎవరో అడుగుతారు. ఆ రాత్రి ఆ ప్రశ్న డాలస్ చేరుతుంది. అక్కడివాడు ఇంకో నవ్వు ఫొటో పెడతాడు. ఆ ఫొటో చూసి ఇంకో ఇంట్లో ఇంకో అమ్మ తన కొడుకుని అడుగుతుంది. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు, అందరూ ఇంట్లోవాళ్ల మనసు కష్టపెట్టకూడదనే చూశారు.

బాగా ఊహించుకుంటే అదే జరుగుతుందని చెప్పే రీల్స్ ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఆఫర్ లెటర్ వచ్చినట్టు రోజూ కళ్లు మూసుకుని చూడమంటారు. గాబ్రియెల్ ఓటింగెన్, డోరిస్ మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న విద్యార్థుల మీదే పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. తమకు ఉద్యోగం రావడానికి అవకాశం బాగానే ఉందని అంచనా వేసుకున్నవాళ్లు రెండేళ్ల తర్వాత మెరుగ్గా ఉన్నారు. వచ్చేసినట్టు తరచూ తీపి కలలు కన్నవాళ్లు మాత్రం తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకు తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతమూ తక్కువే. అంచనా, కల రెండూ ఆశలాగే కనిపిస్తాయి. అంచనా తన అనుభవంలోంచి వస్తుంది, అందులో దారి కూడా ఉంటుంది. కలలో చేరిన చోటు మాత్రమే ఉంటుంది, సరిగ్గా ఫొటోలో లాగే.

వ్యాపారం సంగతి ఎక్కువ చెప్పను. విజయగాథలు చెప్పే రీల్ కింద కొన్నిసార్లు కన్సల్టెన్సీ నంబరు, లోను లింకు ఉంటాయి. డబ్బు తీసుకుని చెబుతుంటే అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ 2021లోనే నిబంధనలు పెట్టింది. ఆ చిన్న అక్షరాలు ఉన్నాయా లేవా అని వెతికే అలవాటు చేసుకుంటే కొంత మేలు. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2021లో లైకుల సంఖ్య దాచుకునే వీలు అందరికీ ఇచ్చింది. అంకె పోయినా ఫొటో ఉంటుంది కాబట్టి, నేను చెబుతున్న చిక్కుకు అది పెద్దగా అడ్డుపడదు.

వాడకం తగ్గిస్తే? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు మూడు వారాలపాటు ఒక్కో యాప్‌ను రోజుకు పది నిమిషాలకే పరిమితం చేశారు. ఎప్పటిలా వాడినవాళ్లతో పోలిస్తే వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. మంచిదే. కానీ దేశం కాని దేశంలో ఉన్న కొడుకు ముఖం చూసేది ఆ ఫోన్‌లోనే అయినప్పుడు, మానెయ్యమని పిన్నికి నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా. మా ఇంట్లో పనికొచ్చింది వేరే. నిరుడు సంక్రాంతికి తమ్ముడు అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. 90 రోజులు నిండటానికి వారం ముందు వేరే రాష్ట్రంలో ఒక కాంట్రాక్టు ఉద్యోగం దొరికిందని, అది కూడా ఏడాదికే అని. పిన్ని ఏడ్చింది, తర్వాత రెండు గంటలు మాట్లాడింది. ఇప్పుడు వీడియో కాల్‌లో ఎలా ఉన్నావని అడగదు, బాగున్నానంటాడని తెలుసు. ఇవాళ ఏం వండావు, గిన్నెలు తోమావా చూపించు అంటుంది. వాడు ఫోన్ సింకు వైపు తిప్పుతాడు.

కింది ఫ్లోర్ కుర్రాడిని కూడా ఒక ఆదివారం ఆ కాల్‌లో కూర్చోబెట్టాం. వాడు పుస్తకంలో ప్రశ్నలు రాసుకుని వచ్చాడు, అన్నీ యూనివర్సిటీ ర్యాంకుల గురించే. తమ్ముడు వాటికి జవాబిచ్చి, తర్వాత తన బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి నెల ఖర్చు చదివాడు. అద్దె, కరెంటు, సరుకులు, ఈఎంఐ. తన ఫ్లాట్‌లో ఆరుగురిలో ఎవరికి ఎన్ని నెలలకు ఉద్యోగం వచ్చిందో, ఎవరు తిరిగి వచ్చేశారో చెప్పాడు. పోస్టు పెట్టనివాళ్ల గురించి ఆ కుర్రాడు వినడం అదే మొదటిసారి.

"అన్నా, మరి నువ్వు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే వెళ్తావా?" అని అడిగాడు.

తమ్ముడు కాసేపు ఆలోచించాడు. "వెళ్తాను. కాకపోతే ఇల్లు తాకట్టు పెట్టకుండా వెళ్తాను. రెండేళ్లు ఇక్కడే పనిచేసి వెళ్తాను."

ఆ కుర్రాడు ఇప్పుడు గచ్చిబౌలిలో ట్రైనీగా చేరాడు. వెళ్లాలన్న కోరిక అలాగే ఉంది. ప్రతి నెలా జీతంలోంచి కొంత పక్కన పెడుతున్నాడు, ఎంత అయిందో మా తమ్ముడికి మెసేజ్ పెడుతుంటాడు.